బ్రూడెనెల్ రోడ్డులో ఫస్ట్ షో

"హైడ్ పార్క్ లండన్‌లోనే ఉంది కదరా, దానికోసం లీడ్స్ దాకా రావడమెందుకు?" అన్నాను ఫోన్లో. అవతల మా అక్క కొడుకు పడీ పడీ నవ్వాడు. వాళ్ళ పేట పేరు కూడా హైడ్ పార్కేనట. లీడ్స్ యూనివర్సిటీలో చదివే పిల్లల్లో చాలామంది అక్కడే అద్దెకుంటారట. "నువ్వు రా మావయ్యా, నీకో సినిమా హాలు చూపిస్తా. నీకు కచ్చితంగా నచ్చుతుంది" అన్నాడు.

ఆఫీసు పని మీద లండన్ వచ్చి వారమైంది. శని, ఆదివారాలు సెలవు. సినిమా హాలు అన్నాక నేను ఆగలేనని వాడికి బాగా తెలుసు. కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో శనివారం మధ్యాహ్నం రైలెక్కాను. రెండుంపావు గంటల ప్రయాణం అన్నారు గానీ దారిలో ఎక్కడో పొలాల మధ్య ముప్పావు గంట నిలబెట్టేశారు. ఇక్కడా ఇంతేనా అనుకుంటే కొంచెం మనశ్శాంతి కలిగింది, అబద్ధమెందుకు. నవంబరు నెల. నాలుగున్నరకి దిగేసరికే లీడ్స్‌లో చీకటి పడిపోయింది.

బస్సుంది గానీ నడుద్దామన్నాడు మావాడు. వుడ్‌హౌస్ లేన్ అనే పొడవాటి రోడ్డు పట్టుకుని యూనివర్సిటీ వైపు ఎక్కాం. ఆ దారి పట్టించడానికి వాడికో కారణముంది. లూయీ లె ప్రాన్స్ అనే ఫ్రెంచాయన వర్క్‌షాపు ఈ రోడ్డులోనే ఉండేదట. అక్కడ ఆయన పేరుతో ఓ నీలం రంగు ఫలకం పెట్టారు. లూమియర్ సోదరులు పారిస్‌లో సినిమా చూపించింది 1895లో. అంతకు ఏడేళ్ళ ముందే, 1888 అక్టోబరులో, ఈయన తను చేసిన కెమెరాతో ఇదే ఊళ్ళో రౌండ్‌హే అనే చోట ఓ తోటలో కదిలే బొమ్మలు తీశాడు. మొత్తం రెండు సెకన్లు. అందులో నటించింది ఎవరనుకున్నారు? వాళ్ళ అత్తగారు, మామగారు, కొడుకు, ఇంకొకావిడ. తోట కూడా అత్తమామలదే. ఇవాళ్టికి మిగిలిన సినిమాల్లో మొట్టమొదటిది అదేనంటారు. అంటే సినిమా పుట్టింది అత్తారింట్లోనన్నమాట! పాపం ఆ అత్తగారు తర్వాత పది రోజులకే పోయింది. ఆయన కథ ఇంకా విచిత్రం. 1890 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో సోదరుణ్ణి చూసి, పారిస్ వెళ్ళే రైలెక్కాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఇప్పటికీ ఏమయ్యాడో తేలలేదు.

ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో ఈ కుర్రాడు డేటా సైన్స్ చదువుతూ, రాత్రిళ్ళు గోడౌన్‌లో డబ్బాలు మోస్తూ, వారానికోసారి అమ్మకి వీడియో కాల్‌లో కనబడుతూ రోజులు నెట్టుకొస్తున్నాడు. లె ప్రాన్స్ సంగతి వాడికి తెలియడమే నాకు ఆశ్చర్యం. "అదంతా ఆ హాలుకి వెళ్ళడం మొదలెట్టాకే మావయ్యా" అన్నాడు.

హైడ్ పార్క్ పేటంతా ఎర్ర ఇటుక ఇళ్ళు. ఒకదాని వీపుకి ఇంకొకటి ఆనించి వరసలు వరసలుగా కట్టేశారు. మనవైపు మిల్లు క్వార్టర్లు గుర్తొచ్చాయి. ఒక మలుపులో మసీదు కనిపించింది. పేరేంటంటే మక్కా మసీదన్నాడు. పదిహేనేళ్ళు హైదరాబాద్‌లో కాపురమున్న నాకు ఆ పేరు వినగానే కాళ్ళకి బలం వచ్చింది. దగ్గర్లో కిరాణా కొట్టు, అందులో కరివేపాకు, బెండకాయలు. ఆ పక్కనే, బ్రూడెనెల్ రోడ్డు మూలమీద, తెల్లటి స్తంభాలతో చిన్న భవనం. హైడ్ పార్క్ పిక్చర్ హౌస్. నిజం చెప్పాలంటే మొదటి చూపులో నిరాశపడ్డాను. మన ఊళ్ళలో సహకార బ్యాంకు అంత ఉంది, అంతే. మనవాళ్ళకి హాలంటే కటౌట్ నిలబెట్టే ఎత్తుండాలి కదా. గుమ్మం ముందు పాతకాలపు ఇనుప దీపస్తంభం ఒకటుంది. హాలుతో పాటు ఆ దీపస్తంభాన్ని కూడా ప్రభుత్వం వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. దాన్ని పీకడానికి వీల్లేదు. ఆ మాట విన్నాక మళ్ళీ వెనక్కి వెళ్ళి స్తంభాన్ని ఓసారి తట్టి వచ్చాను.

ఈ హాలు 1914 నవంబరు 7న తెరిచారు. మొదటి ప్రపంచయుద్ధం మొదలై మూడు నెలలు. ఆ ఏడాది గురించి నాకు ఇంకో లెక్క గుర్తుంది. మద్రాసు మౌంట్ రోడ్డులో మన బందరు రఘుపతి వెంకయ్య నాయుడుగారు గెయిటీ థియేటర్ కట్టిందీ 1914లోనే. మద్రాసులో భారతీయుడి సొంతమైన మొదటి సినిమా హాలు అదేనని చెప్పుకుంటారు. రెండు హాళ్ళూ ఒకే వయసువి. గెయిటీ ఇప్పుడు లేదు. వెంకయ్యగారి పేరుతో ప్రభుత్వం సినిమా అవార్డు ఇస్తుంది, అది ఉంది. బెజవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావుగారు కట్టిన మారుతీ టాకీస్ గురించి మా నాన్న కథలు కథలుగా చెప్పేవాడు. ఆంధ్రదేశంలో తొలి పక్కా సినిమా హాలు అదేనని ఆయన వాదన. దాని గురించి నాకు తెలిసిందల్లా ఆయన మాటలే.

లోపలికి వెళ్ళాక నిరాశ పోయింది. గదంతా వంపు తిరిగిన పైకప్పు, దాని మీద సున్నపు పూలపని, వెనక గుండ్రంగా తిరిగిన బాల్కనీ. గోడల వెంబడి పసుపచ్చగా వెలిగే చిన్న చిన్న దీపాలు. మావాడు మోచేత్తో పొడిచాడు: "చూడు, అవే." అవి కరెంటు దీపాలు కాదు, గ్యాస్ దీపాలు. మొత్తం తొమ్మిది. లోపల గ్యాస్ దీపాలు వెలిగే సినిమా హాలు ప్రపంచంలో ఇంకెక్కడా మిగల్లేదంటారు. చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో తలమీద పెట్టుకు మోసిన పెట్రోమాక్స్ లైట్ల వెలుగు గుర్తొచ్చింది, కాకపోతే ఆ బుస్సుమనే చప్పుడు లేదు, వెలుగు ఇంకా మెత్తగా ఉంది. ఇంకో తమాషా ఏంటంటే, సినిమా మొదలయ్యాక కూడా వీటిని పూర్తిగా ఆర్పరు. తగ్గిస్తారంతే. చీకట్లో వెనక వరస జంటలు హద్దు మీరకుండా సిబ్బంది కంట్లో ఉండాలని అప్పట్లో పెట్టిన ఏర్పాటట. ఆ పనికి మన హాళ్ళలో టార్చిలైటు పట్టుకుని ఒక మనిషి తిరిగేవాడు. వాడి కంటే ఈ దీపాలే మర్యాద.

ఇంత ముచ్చటగా ఉన్నదాన్ని ఎవరో డబ్బున్నాయన ప్రేమగా కాపాడాడనుకున్నాను. అలా జరగలేదు. టీవీ వచ్చాక, ఆ తర్వాత మల్టీప్లెక్సులు వచ్చాక, ఇది కూడా మన హాళ్ళలాగే మూతబడే దాకా వెళ్ళింది. 1980లలో పేటవాళ్ళు, సినిమా పిచ్చున్నవాళ్ళు కలిసి 'ఫ్రెండ్స్ ఆఫ్ హైడ్ పార్క్ పిక్చర్ హౌస్' అని ఓ సంఘం పెట్టుకున్నారు. చివరికి 1989లో ఊళ్ళోని గ్రాండ్ థియేటర్ అనే నాటకాల హాలు నడిపే సంస్థ, సిటీ కౌన్సిల్ దన్నుతో, దీన్ని చేతిలోకి తీసుకుంది. లాభం కోసం కాదు గనక ఆడింది. ఇది నాకు ముఖ్యంగా తోచింది. మన దగ్గర హాలు ఓనరు ఒక్కడే అన్నీ భరించాలి: కరెంటు బిల్లు, డిస్ట్రిబ్యూటరు వాటా, ఖాళీ ఆటలు, దానిమీద సెంటరులో ఉన్న స్థలం రేటు. స్థలం రేటు రోజూ చెవిలో జోరీగలా పోరుతుంటే ఆయన మాత్రం ఎంతకాలం వింటాడు? 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్ళు జనం రావడం లేదని పది రోజుల పాటు ఆటలే ఆపేశాయి. అప్పుడు పేపర్లో చూసి అయ్యో అనుకున్నాను. టికెట్ మాత్రం కొనలేదు.

ఇక్కడి కథలో రెండో ముక్క మరమ్మతుది. 2020లో హాలు మూసి, పెద్దఎత్తున బాగుచేసి, 2023 జూన్ 30న మళ్ళీ తెరిచారు. నేషనల్ లాటరీ హెరిటేజ్ ఫండ్ 23 లక్షల పౌండ్లిచ్చింది. ఈ దేశంలో లాటరీ టికెట్ల డబ్బులో కొంత ఇలాంటి పాత కట్టడాలకి వెళ్తుంది. లాటరీ తగలని లక్షలమంది కలిసి ఓ సినిమా హాలు నిలబెట్టారన్నమాట. ఆ డబ్బుతో గ్యాస్ దీపాలు, పూలపని బాగుచేశారు. కింద నేలమాళిగలో యాభై సీట్ల దాకా ఉండే చిన్న హాలు కొత్తగా కట్టారు. పక్కన కాఫీ తాగడానికి చోటు వచ్చింది. మెట్లెక్కలేనివాళ్ళు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు ఇబ్బంది లేకుండా లోపలికి రాగలుగుతున్నారు. మా అమ్మ మోకాళ్ళు పట్టేశాక సినిమాకి రావడమే మానేసింది, అందుకే నేను ఆ దారినే ఎక్కువసేపు చూస్తూ నిలబడ్డాను.

టికెట్ల దగ్గర చిన్న క్యూ. మా ముందు డెబ్భై దాటినావిడ ఒకరు మావాణ్ణి గుర్తుపట్టి పలకరించింది. వాడు పరిచయం చేస్తే, "మీవాడు ముందు వరసలోనే కూర్చుంటాడు, మెడ నొప్పెట్టదా?" అని నన్నడిగింది. నేల టికెట్ వంశం మాది, ఏం నొప్పెట్టదు అని చెబుదామనుకున్నాను గానీ, నేల టికెట్‌ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచలేదు. ఇక్కడ నెలల పిల్లలున్న తల్లిదండ్రుల కోసం వేరే ఆటలు వేస్తారట. పిల్లలు ఏడ్చినా ఎవరూ విసుక్కోరు. ఆవిడ కూతురు మనవడితో ఆ ఆటలకి వచ్చేదట. మా ఊరి హాల్లో అన్నీ అలాంటి ఆటలే. పిల్ల ఏడుపు, పల్లీల చప్పుడు లేకుండా నేనే సినిమా చూడలేదు.

సినిమా జపాన్‌ది. ఒక ముసలాయన, ఒక కుక్క, చాలా వాన. కథ నెమ్మదిగా నడిచింది. మధ్యలో ఓ పావుగంట నేను కునుకు తీశాను, మావాడు చెప్తే ఒప్పుకోలేదు గానీ తీశాను. లేచేసరికి ఇంకా వాన పడుతూనే ఉంది. ఇంటర్వెల్ లేదు. అదొక్కటే నాకు బాధ కలిగించిన విషయం. సినిమా అయిపోయాక జనం వెంటనే లేవలేదు, పేర్లన్నీ పడేదాకా కూర్చున్నారు. మనవాళ్ళు క్లైమాక్స్ ఫైటు మధ్యలోనే లేచి స్కూటర్ స్టాండు వైపు పరుగెడతారు కదా.

బయటికొచ్చాక మావాణ్ణి అడిగాను, "నువ్వు దీనికి ఎందుకొస్తావురా? తెలుగు సినిమాలు ఇక్కడ ఆడవు కదా." తెలుగు సినిమాలు సిటీలో మల్టీప్లెక్సుల్లో పడతాయి. పెద్ద హీరో సినిమా అయితే వీళ్ళంతా కాగితాలు చింపి పట్టుకెళ్తారట, తర్వాత ఊడ్చేవాళ్ళతో తిట్లు తింటారట. ఇక్కడికి మాత్రం ఒక్కడే వస్తాడు. వచ్చిన మొదటి చలికాలంలో, గదిలో హీటర్ వేసుకోడానికి డబ్బుల్లేక, వెచ్చగా ఉంటుందని వచ్చాడట. తర్వాత అలవాటైపోయింది. ఈ సంగతి వాళ్ళమ్మకి చెప్పొద్దని మాట తీసుకున్నాడు. పేర్లేవీ రాయలేదు గనక మాట తప్పినట్టు కాదనుకుంటున్నాను.

మా ఊరి టాకీసు గుర్తొచ్చింది. ఇప్పుడది ఎరువుల గోడౌను. స్క్రీన్ ఉండే గోడ ఇంకా తెల్లగానే ఉంటుంది, దాని ముందు బస్తాలు పేర్చారు. ఆపరేటర్‌గా చేసినాయన బస్టాండు దగ్గర జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. నేను కనబడితే "బాబూ, ఆఖరాట రోజు పద్నాలుగు టికెట్లు తెగాయి" అని ఇప్పటికీ చెప్తాడు. ఆ పద్నాలుగులో నాది లేదని ఆయనకి తెలుసు. అప్పుడు నేను సంక్రాంతికి ఊళ్ళోనే ఉన్నాను, ఇంట్లో డిష్ టీవీ చూస్తున్నాను.

ఆ రాత్రి మావాడి గదిలో పప్పుచారు తింటూ, గ్యాస్ దీపాల ఫొటోలు నాలుగు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నూట పదేళ్ళ హాలు, జనమే కాపాడుకున్నారు అని కింద కాస్త ఆవేశంగా రాశాను. అక్క చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. బావ మావాడి మొహం చూసి చిక్కిపోయాడన్నాడు. కాసేపటికి తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "గ్యాస్ లైట్ల సంగతి సరే అన్నయ్యా. మన హాల్లో బాత్రూం దగ్గర ఒక్క బల్బయినా వెలగడం నువ్వెప్పుడైనా చూశావా?"