మొగిలయ్య జెండా, కాజీపేట పట్టాలు

చట్టాన్ని మీరడం దేశభక్తి ఎట్లా అవుతుందని అడిగేవాళ్లు ఒకసారి వరంగల్‌కు వచ్చిపోవాలి. 1946 ఆగస్టు 11న కోటలో జాతీయ జెండా ఎగరేసిన రోజే రజాకార్లు బత్తిని మొగిలయ్య గౌడ్‌ను చంపారు. నిజాం సర్కారు లెక్కలో ఆ జెండా రాజద్రోహం. ఇవాళ అదే ఊళ్లో ఆయన పేరు మీద హాలుంది.

అప్పటి చట్టాలు ఎట్లుండేవో కూడా చూడాలి. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే నిజాం ఉత్తర్వు. ఆసిఫాబాద్ అడవిలో పశువులు మేపితే బంబ్రామ్ పన్ను, కట్టెలు తెచ్చుకుంటే దూపపెట్టి పన్ను. 1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడిన విద్యార్థులను బయటికి పంపితే చాలామంది నాగపూర్ పోయి చదువు పూర్తి చేశారు. జోడేఘాట్‌లో కొమురం భీం ఆయుధం పట్టాడు, 1940లో ప్రాణం పోయింది. ఆయన్ను గాంధీ కొలతతో కొలవడం నాకైతే సబబు అనిపించదు. అర్జీ పెట్టుకునే దారి కూడా మూసేసిన చోట శాంతియుతంగా ఉండమని చెప్పడం తేలిక.

స్వరాజ్యం వచ్చాక లెక్క మారిందని అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలోనే చెప్పారు. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహం, సహాయ నిరాకరణ వదులుకోవాలని ఆయన మాట. తీసిపారేయగలిగే వాదన కాదది. అయితే 1976లో రాజ్యాంగంలో చేర్చిన, పౌరుల ప్రాథమిక విధులు చెప్పే 51ఏ అధికరణం ఒక క్లాజులో రాజ్యాంగానికి కట్టుబడి ఉండమంటుంది, పక్క క్లాజులోనే జాతీయోద్యమ ఆదర్శాలను అనుసరించమంటుంది. ఆ ఉద్యమమేమో ఉప్పు చట్టాన్ని పనిగట్టుకొని మీరింది! అదీ చెప్పే చేసింది. దండికి బయల్దేరకముందే, 1930 మార్చి 2న గాంధీ వైస్రాయికి ఉత్తరం రాశారు. 1922లో అహ్మదాబాద్ కోర్టులో నేరం ఒప్పుకొని ఆరేళ్ల శిక్ష తీసుకున్నారు.

నా దృష్టిలో తేడా అక్కడే ఉంది. ఏ చట్టం అన్యాయమో దాన్నే మీరాలి, చెప్పి మీరాలి, శిక్షకు నిలబడాలి. పన్ను మీద కోపంతో బస్సు అద్దం పగలగొడితే ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. పైగా అది 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం కిందికి పోతుంది.

ఇప్పుడు అసలు పని: నిరసనకు దిగేవాళ్లు చట్టంలో ఏముందో తెలుసుకోవడం. నిషేధాజ్ఞలు, అంటే పాత సీఆర్పీసీలో 144, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163 సెక్షన్. ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు రాయాలి, మామూలుగా రెండు నెలలకు మించి నడవదు. ముందు ఆ కాపీ సంపాదించండి. దాన్ని మీరితే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 223: ఆరు నెలల దాకా సాధారణ జైలు లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ; ప్రాణాపాయం, అల్లర్ల దాకా పోతే ఏడాది దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. సంబంధిత అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ ఆయన అధికారమిచ్చిన ఇంకో అధికారి గానీ రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వకుండా కోర్టు ఈ నేరాన్ని విచారణకు తీసుకోకూడదు. ఉత్త పోలీసు చార్జిషీటుతో నడిచిన కేసులు హైకోర్టులో కొట్టుడుపోయేది ఈ కారణంతోనే. ఇది పోలీసులకూ తెలుసు, అందుకే పక్కన ఇంకో సెక్షన్ కలుపుతారు. తోపులాటలో కానిస్టేబుల్ భుజం మీద చెయ్యిపడితే చాలు, బీఎన్ఎస్ 132, రెండేళ్ల దాకా జైలు, పైగా నాన్‌బెయిలబుల్. కూర్చున్నవాడిని ఎత్తుకుపోతుంటే పెనుగులాడకుండా ఒళ్లు వదిలేయమనేది అందుకే.

పట్టాల మీద కూర్చోవడం వేరే కథ. 1989 రైల్వే చట్టం 174 సెక్షన్‌లో 'రైల్ రోకో' అన్న మాటే ఉంది: రెండేళ్ల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె నాటి ఉద్యమ కేసులను రాష్ట్రం వచ్చాక ఎత్తేస్తామంటే అందరూ సంబరపడ్డారు. కానీ రైల్వే చట్టం కేంద్రానిది. అటువంటి కేసు ఉపసంహరించాలంటే ప్రాసిక్యూటర్‌కు కేంద్రం అనుమతి ఉండాలి, రాష్ట్రం జీవో ఒక్కటీ సరిపోదు. కాజీపేటలో రైలు ఆపినవాడికీ, హన్మకొండ చౌరస్తాలో ధర్నా చేసినవాడికీ తేడా అక్కడ పడింది. నాయకుడికి వకీళ్లుంటారు, వాయిదాలకు తిరిగేది డిగ్రీ పిల్లలే.

కోర్టు మెట్ల కాడ ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది: "ఒప్పుకో తమ్మీ, ఫైన్ కట్టి ఇంటికి పో." గాంధీ కూడా నేరం ఒప్పుకున్నాడు, కాకపోతే ఏం చేస్తున్నదీ తెలిసి చేశాడాయన. ఒప్పుకుంటే రికార్డులో శిక్ష పడ్డట్టే. వాయిదాలు తప్పుతాయని ఒప్పుకున్న పిల్లగాడికి ఆ సంగతి ఉద్యోగం వెరిఫికేషన్‌లో తెలుస్తుంది.

పాస్‌పోర్టుకైతే, కోర్టులో నడుస్తున్న కేసుంటే ఆ కోర్టు నుంచే అనుమతి తెచ్చుకోవాలి. ఎంతకాలానికో ఉత్తర్వులో రాయించుకోకపోతే ఒక ఏడాదికే ఇస్తారు.

ఉద్యోగం ఫారంలో కేసు సంగతి దాచొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి అల్ప నేరాన్ని దాచినా చూసీచూడనట్టు పోవచ్చంది. కానీ ఆ విచక్షణ ఉద్యోగం ఇచ్చేవాడిది, మీది కాదు. కాబట్టి గడిలో 'ఉంది' అని రాసి, క్రైమ్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, కేసు ఇప్పుడెక్కడుందో వేరే కాగితం మీద రాసి జతచేయండి. ఆ కాగితం జిరాక్సు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.