గోమర్ పైల్ పాడిన పాట

అమెరికాలోని ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపొలిస్‌లో ఉద్యోగంలో చేరాక వచ్చిన మొదటి మే నెల చివర్లో, ఒక ఆదివారం నాడు, పక్కింటి పెద్దాయన మమ్మల్ని ఐదు వందల మైళ్ళ కారు పందెం వినడానికి పిలిచారు. చూడడానికి కాదు, వినడానికే. పందెం మా ఇళ్ళకు కొద్ది మైళ్ళ దూరంలోనే జరుగుతున్నా, జనం టికెట్లు కొని మైదానానికే రావాలన్న ఉద్దేశంతో ఆ ఊళ్ళో మాత్రం టీవీ ప్రసారాన్ని రాత్రి దాకా ఆపేవారు. పెరట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాం. కార్లు కదలబోయే ముందు ఒక నిండైన మంద్రస్వరం ఇండియానాను తలచుకునే పాత పాటను అందుకోగానే, అప్పటిదాకా గలగల మాట్లాడుతున్న పెద్దాయన చేతిలోని గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డారు. పాట అయ్యాక "పాడింది గోమర్ పైల్" అని చెప్పి నవ్వారు. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు.

కొన్ని వారాల తరువాత, పాత ధారావాహికలు వేసే ఒక చానల్లో గోమర్ పైల్‌ను చూశాక గానీ అది తెలిసిరాలేదు. పల్లెటూరి పెట్రోలు బంకులో పనిచేసే కుర్రాడు. నెత్తిన టోపీ, తెరుచుకున్న నోరు, ముక్కుతో సాగదీసే మాట. ఎవరేం చెప్పినా "గాలీ!" (మన "అబ్బో!" లాంటి ఇంగ్లీషు మాట) అంటూ ఆ ఒక్క మాటనే నాలుగైదు అక్షరాల పొడవున ఆశ్చర్యపోతాడు. ఆ ముక్కు గొంతూ, రేడియోలో విన్న ఆ గంభీరమైన గొంతూ ఒకే మనిషివంటే నమ్మడానికి నాకు చాలా సేపు పట్టింది.

ఆ మనిషి పేరు జిమ్ నేబర్స్. 1930 జూన్ 12న అలబామా రాష్ట్రంలోని సిలకాగ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. చదువయ్యాక న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో టైపిస్టుగా పనిచేశారు. చిన్ననాటి నుంచి వేధిస్తున్న ఉబ్బసం వల్ల వెచ్చటి గాలి కోసం లాస్ ఏంజెలెస్ చేరి, పగలు ఎన్‌బీసీ అనే టీవీ సంస్థలో ఫిల్ము కత్తిరిస్తూ, రాత్రిళ్ళు శాంటా మోనికాలోని 'ది హార్న్' అనే చిన్న క్లబ్బులో పాడేవారు. అక్కడ ఆయన చేసినదల్లా ఒకటే: పల్లె యాసలో అమాయకంగా కబుర్లు చెప్పి జనాన్ని నవ్విస్తూ, ఉన్నట్టుండి ఒపేరా గాయకుడి గొంతుతో పాట ఎత్తుకోవడం. ఆ ప్రదర్శన చూసిన నటుడు ఆండీ గ్రిఫిత్ 1962లో తన టీవీ కార్యక్రమంలో గోమర్ వేషం ఇచ్చారు. కొద్ది రోజుల కోసం పుట్టిన ఆ పాత్ర 1964 నాటికి సొంత ధారావాహికనే సంపాదించుకుంది. అందులో గోమర్ మెరైన్ దళంలో చేరి, ఫ్రాంక్ సట్టన్ పోషించిన సార్జెంట్ కార్టర్ ప్రాణాలు తోడేస్తాడు. ఐదేళ్ళపాటు, ప్రతి ఏడాదీ, అది అమెరికాలో అత్యధికంగా చూసిన పది కార్యక్రమాల్లో నిలిచింది. అవి వియత్నాం యుద్ధం ఉధృతంగా సాగిన సంవత్సరాలే అయినా, ఆ సైనిక శిబిరంలో యుద్ధం ఊసు దాదాపు వినిపించదు. ఇప్పుడు చూస్తుంటే నవ్వు మధ్యలో అది కొంచెం గుచ్చుకుంటుంది.

మన రేలంగి కూడా తెర మీద తన పాటలు కొన్ని తానే పాడుకున్నారు. కానీ అక్కడ పాడేదీ నవ్వించేదీ ఒకే గొంతు. పాట కూడా హాస్యంలో భాగమే. నేబర్స్ పద్ధతి వేరు. 1967లో వచ్చిన ఒక భాగంలో గోమర్ వాషింగ్టన్‌లో మెరైన్ బ్యాండు ముందు నిలబడి పాడతాడు. ఒక్క చమత్కారం లేదు, ఒక్క కన్నుగీటు లేదు. ఎంత సూటిగా ఆశ్చర్యపోయేవాడో అంత సూటిగానూ పాడతాడు. ఆయన నటనకూ గానానికీ మూలం ఆ నిష్కపటమేనని, అందుకే రెండు గొంతులూ ఒకే మనిషిలో ఇమిడాయని నాకు అనిపిస్తుంది.

1969లో, ధారావాహిక దేశంలో రెండో స్థానంలో ఉండగానే, ఆయన దానిని వదిలేసి పాటలూ హాస్యమూ కలిసిన కొత్త కార్యక్రమం మొదలుపెట్టారు. అది రెండేళ్ళు నడిచింది. పల్లె వాసన ఉన్న కార్యక్రమాలను సీబీఎస్ టీవీ సంస్థ వరుసగా వదిలించుకున్న 1971లో అదీ ఆగిపోయింది. రెండు డజన్లకు పైగా ఆల్బమ్‌లు చేసినా, వీధిలో ఎదురైనవారు అడిగింది మాత్రం "గాలీ" అనమనే. హాస్యనటి కరోల్ బర్నెట్ మాత్రం ఆయనను శుభశకునంగా భావించి, తన కార్యక్రమం ప్రతి ఏడాదీ మొదలయ్యేటప్పుడు తొలి అతిథిగా పిలిచేవారు.

ఇండియానాపొలిస్ పాట దక్కిన తీరు గోమర్‌కే జరగదగినది. 1972లో పందెం చూడడానికి వచ్చిన ఆయనను మైదానం యజమాని టోనీ హల్మన్ అప్పటికప్పుడు పాడమని అడిగారు. జాతీయగీతం కాబోలనుకుని ఒప్పుకున్న నేబర్స్‌కు, బ్యాండు దగ్గరికి వెళ్ళాక గానీ అది వేరే పాట అని తెలియలేదు. వరుస వచ్చు, మాటలు రావు. మాటలు అరచేతిలో రాసుకుని, లక్షల మంది ముందు పాడేశారు. ఆ తరువాత అనారోగ్యం వంటి కారణాలతో తప్పిన కొన్ని ఏళ్ళు మినహా 2014 దాకా ఆ పాట ఆయనదే. ఇండియానాలో పుట్టలేదు, అక్కడ కాపురమూ లేదు, ఇల్లు హవాయిలో. 1994లో కాలేయ మార్పిడి జరిగింది. మెరైన్ దళం 2001లో ఆయనను గౌరవ సభ్యుడిగా చేర్చుకుని, 2013 నాటికి సార్జెంటును చేసింది. తెర మీది గోమర్‌కు మాత్రం సార్జెంట్ కార్టర్ హోదా ఏనాడూ అందలేదు. అదే 2013లో, 38 ఏళ్ళుగా తనతో ఉన్న సహచరుడిని సియాటెల్‌లో పెళ్ళి చేసుకున్నారు.

2014లో అదే ఆఖరిసారి అని ముందే చెప్పారు. అప్పటికి ఆయనకు 83 ఏళ్ళు. మేము మళ్ళీ అదే పెరట్లో, అదే రేడియో ముందు ఉన్నాం. గొంతు కాస్త బరువెక్కింది గానీ, చివరి స్వరాన్ని ఎప్పటిలా నిలబెట్టారు. మరుసటి ఏడాది ఇండియానా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఒక గాయక బృందం పాడింది. బాగానే పాడారు. పెద్దాయన అలవాటు ప్రకారం గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డారు గానీ, పాట పూర్తికాకముందే కూర్చున్నారు.