గుండ్లకమ్మ ఒడ్డున

నిన్న సాయంత్రం అమ్మమ్మను తీసుకుని ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వెళ్లాం. ఏట్లో నీళ్లు పాదాలు మునిగేంతే. అమ్మమ్మ చెప్పులు విప్పి, వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని తలమీద చల్లుకుంది. నాకు మాట రాలేదు.

1878 జూలై 3న ఇక్కడే ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది మన తెలుగు పాస్టర్లే, ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. అంతకుముందు ఘోరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. కానీ ఆ కరువు పని సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. నన్ను అన్నిటికంటే కదిలించింది ఇదే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని మనుషులు. తర్వాత వాళ్ల పిల్లలు బడికెళ్లారు, టీచర్లయ్యారు.

ఇంకోటి కూడా చెప్పాలి. 1903లో తెలుగు బాప్టిస్టులే జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి పంపారు, తోటల్లో కూలికి వెళ్లిన మనవాళ్ల కోసం. అక్కడ కేర్స్‌నీలో తెలుగు సంఘం మొదలైంది.

వచ్చేటప్పుడు అమ్మమ్మ చిన్న సీసాలో ఏటి నీళ్లు పట్టుకుంది. ఇప్పుడది ఆమె బైబిల్ పక్కనే ఉంది.