తెర నుంచి టెర్మినల్ దాకా

మన ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్‌లో గాలితో నడిచే కంట్రోలర్ ఒకటి ఉండేది. 3 నుంచి 15 పీఎస్ఐ గాలి సిగ్నల్, బెల్లోస్, ఫ్లాపర్, నాజిల్. మూత తీస్తే లోపలి పనంతా కంటికి కనిపించేది. సెట్ పాయింట్ (ఉండాల్సిన విలువ) తిప్పితే ముందు ఏది కదులుతుందో, తర్వాత ఏది కదులుతుందో వేలు పెట్టి చూపించగలిగేవాళ్లం. ఇప్పుడు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికో, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీకో ట్రైనింగ్‌కి వెళ్లే మన పిల్లలకు ఆ వీలు లేదు. ఏసీ గది, బల్ల మీద వరసగా మానిటర్లు, వాటిలో రంగుల బొమ్మలు. ప్లాంటంతా ఈ కంప్యూటర్లే నడుపుతున్నాయనుకుని ఇంటికొస్తారు. ఈ వ్యాసం వాళ్ల కోసమే.

ఆ మానిటర్ల బల్ల, అంటే ఆపరేటర్ స్టేషన్, దేన్నీ నడపదు. నడిపేది పక్క గదిలో ప్యానెళ్లలో ఉండే కంట్రోలర్. అమరిక సరిగ్గా ఉన్న ప్లాంటులో మానిటర్లన్నీ ఒక్కసారి నల్లబడినా కంట్రోలర్ తన దగ్గరున్న చివరి సెట్ పాయింట్ పట్టుకుని లూపును (కొలిచి, పోల్చి, వాల్వును సరిచేసే వలయాన్ని) నడుపుతూనే ఉంటుంది, ఇంటర్‌లాకులు (ప్రమాదం వస్తే తమంతట అడ్డుపడే ఏర్పాట్లు) తమ పని తాము చేస్తాయి. ఆపరేటర్‌కు మాత్రం కన్నూ చెయ్యీ రెండూ పోతాయి. అందుకే థర్మల్ కేంద్రాల్లో బాయిలర్ ట్రిప్ (ఉన్నపళంగా ఆపడం), టర్బైన్ ట్రిప్, డీసీ లూబ్ ఆయిల్ పంపు స్టార్ట్ లాంటి కొన్ని పుష్ బటన్లకు నెట్‌వర్కుతో పని లేకుండా నేరుగా వైరు లాగి బల్ల మీద పెడతారు. 1975లో హనీవెల్ టీడీసీ 2000, యోకోగావా సెంటమ్ అనే నియంత్రణ వ్యవస్థలు వచ్చినప్పుడు వాటి వెనకున్న ఆలోచన కూడా ఇదే. అన్ని లూపులూ ఒకే పెద్ద కంప్యూటర్ మీద పెడితే అది పడిపోయిన రోజు అన్నీ పడిపోతాయి. నియంత్రణను చిన్న చిన్న కంట్రోలర్లకు పంచి, చూడటాన్ని మాత్రం ఒక చోటికి చేర్చారు. ఇలాంటి వ్యవస్థనే డీసీఎస్ అంటారు.

కాబట్టి తెర మీద ఒక అంకె కనిపిస్తే అది ఏ దారిన వచ్చిందో వెనక్కి నడవండి. బాయిలర్‌లోకి పోయే నీటి ప్రవాహం, అంటే ఫీడ్ వాటర్ ఫ్లో తీసుకుందాం. పైపులో దారిని ఇరుకు చేసే ఆరిఫైస్ లేదా ఫ్లో నాజిల్, దానికి అటూ ఇటూ ఉన్న ప్రెషర్ తేడాను (డీపీ) కొలిచే డీపీ ట్రాన్స్‌మిటర్, అక్కణ్నుంచి రెండు కోర్ల షీల్డెడ్ కేబుల్, జంక్షన్ బాక్స్, మల్టీపెయిర్ కేబుల్, వైర్లను కార్డులకు పంచే మార్షలింగ్ ప్యానెల్, ఇన్‌పుట్ కార్డు, కంట్రోలర్, రెండు వరసల నెట్‌వర్క్, ఆఖరున తెర. ట్రాన్స్‌మిటర్ పంపేది 4 నుంచి 20 మిల్లీఆంప్స్. చాలా కార్డుల్లో అది 250 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా పోయి 1 నుంచి 5 వోల్టులవుతుంది. సున్నా విలువకు కూడా 4 మిల్లీఆంప్స్ ఎందుకంటే, వైరు తెగితే కరెంటు సున్నాకు పడుతుంది. ఫ్లో లేదా, వైరు లేదా అన్నది అప్పుడు తేలిపోతుంది. నామూర్ ఎన్ఈ 43 పద్ధతి పాటించే ట్రాన్స్‌మిటర్ తనలో లోపం వస్తే 3.6 మిల్లీఆంప్స్‌కు దిగిపోతుంది, లేదా 21 దాటిపోతుంది. కార్డు ఆ విలువను ‘బ్యాడ్’ అని గుర్తించాలి, కంట్రోలర్ ఆ లూపును మాన్యువల్‌కు వదలాలి. ఈ సెట్టింగ్ చేయకపోతే తెగిన వైరును కంట్రోలర్ ‘ఫ్లో సున్నా’ అనుకుని వాల్వును పూర్తిగా తెరిచేస్తుంది.

ఈ దారిలో తప్పులన్నీ అతుకుల దగ్గరే దొరుకుతాయి. ట్రాన్స్‌మిటర్‌లో రేంజి 0 నుంచి 10 కేజీ (చదరపు సెంటీమీటరుకు), సిస్టమ్‌లో 0 నుంచి 16 అని ఉందనుకోండి. పైపులో 5 కేజీల ప్రెషర్ ఉంటే 12 మిల్లీఆంప్స్ వస్తుంది, తెర మీద 8 కనబడుతుంది. షీల్డును (కేబుల్ లోపలి లోహపు తొడుగును) రెండు కొసలా ఎర్త్ చేస్తే దాంట్లోంచే కరెంటు పారి అంకె వణుకుతుంది. ఒక కొసనే, సాధారణంగా ప్యానెల్ వైపే ఎర్త్ చేయాలి.

వీటన్నిటికన్నా మోసం చేసేది వర్గమూలం. డీపీకి, ఫ్లోకి మధ్య వర్గమూల సంబంధం ఉంది కాబట్టి ఆ లెక్క ట్రాన్స్‌మిటర్‌లో గానీ, సిస్టమ్‌లో గానీ, ఒక్కచోటే జరగాలి. డీపీ 25 శాతం ఉన్నప్పుడు నిజమైన ఫ్లో 50 శాతం. రెండు చోట్లా లెక్క పెడితే తెర 70.7 చూపిస్తుంది, ఎక్కడా పెట్టకపోతే 25 చూపిస్తుంది. సున్నా దగ్గరా వంద దగ్గరా మాత్రం మూడు పద్ధతుల్లోనూ ఒకే జవాబు వస్తుంది! రెండు కొసలే చూసి సంతకం పెట్టిన లూప్ చెక్‌లో ఈ తప్పు దొరకదు. 0, 25, 50, 75, 100 ఐదు చోట్లా డీపీ ఇచ్చి, ట్రాన్స్‌మిటర్ దగ్గర ఒకరు, తెర ముందు ఒకరు నిలబడి వాకీటాకీలో చదువుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ కమిషనింగ్‌లో (ప్లాంటును తొలిసారి నడపడానికి సిద్ధం చేసే దశలో) దీనికి మించిన పని లేదని నా గట్టి నమ్మకం.

తప్పు ఫ్లో ఎంత దూరం పోతుందో బాయిలర్ డ్రమ్ (నీరూ ఆవిరీ విడిపోయే పాత్ర) లెవెల్ చూస్తే తెలుస్తుంది. ఇబ్రహీంపట్నంలో 1979 నాటి 210 మెగావాట్ల యూనిట్ దగ్గర్నుంచి 500 దాకా డ్రమ్ ఉన్న బాయిలర్లే; 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్‌కు డ్రమ్ ఉండదు. లోడు హఠాత్తుగా పెరిగితే ప్రెషర్ తగ్గి, నీటిలో బుడగలు ఉబ్బి, నీరు తగ్గుతున్నా లెవెల్ పెరిగినట్టు కనబడుతుంది. లెవెల్ ఒక్కదాన్నే నమ్మితే కంట్రోలర్ అప్పుడే నీళ్లు తగ్గిస్తుంది. అందుకే మూడు కొలతల పద్ధతి: స్టీమ్ ఎంత పోతోందో ఫీడ్ వాటర్ అంత రావాలి, మిగిలిన తేడాను లెవెల్ దిద్దుతుంది. తక్కువ లోడులో ఫ్లో కొలతలు నమ్మదగినవి కావు కాబట్టి అప్పుడు ఒక్క లెవెల్‌తోనే నడుపుతారు. ఒక పద్ధతిలోంచి ఇంకోదానికి మారేటప్పుడు వాల్వు కుదుపు లేకుండా ఉండాలంటే, వాడకంలో లేని కంట్రోలర్ అవుట్‌పుట్ వాడకంలో ఉన్నదాన్ని వెన్నంటి వస్తుండాలి.

ఇక ఒకటి పోతే రెండోది ఆదుకోవాలని పెట్టే జంట ఏర్పాట్ల సంగతి. కాగితం మీద అన్నీ రెండేసి ఉంటాయి. ప్యానెల్ తలుపు తీసి చూడండి: రెండు కంట్రోలర్లకూ కరెంటు ఒకే ఎంసీబీ నుంచి వస్తోందా? రెండు నెట్‌వర్క్ కేబుళ్లూ ఒకే ట్రేలో పోతున్నాయా? అలాగైతే అది జంట కాదు. మూడు డ్రమ్ లెవెల్ ట్రాన్స్‌మిటర్లు పెట్టి మూడింటినీ ఒకే కార్డుకు కలిపితే, కార్డు పోయినప్పుడు మూడూ కలిసే పోతాయి, మూడింట రెండు చెప్పిందే నమ్మే ఓటింగుకు అర్థమే ఉండదు. ఏ, బీ, సీ పంపుల సిగ్నళ్లు వేరువేరు కార్డుల్లో, సగం ఆపరేటర్ స్టేషన్లు ఒక యూపీఎస్ మీద, సగం రెండోదాని మీద ఉండాలి. డ్రాయింగు ముందు పెట్టుకుని ఒక్కో పెట్టె మీద వేలు పెట్టి, ఇది చస్తే ఏమేం పోతాయని అడుగుతూ పోవడమే పద్ధతి.

చిన్న ప్లాంట్లలో డీసీఎస్ ఉండదు, పీఎల్సీ (యంత్రాన్ని నడిపే చిన్న కంట్రోలర్), పైన స్కాడా (దాన్ని తెర మీద చూపించే కంప్యూటర్) ఉంటాయి. గుంటూరు జిల్లాలో డెయిరీలకు కొదవ లేదు కాబట్టి పాశ్చరైజర్ తీసుకోండి. పాలు 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉండాలి. వేడి తగ్గితే డైవర్షన్ వాల్వు ఆ పాలను వెనక్కి మళ్లించాలి. ఈ లాజిక్ పీఎల్సీలోనో, నేరుగా వైరింగులోనో ఉండాలి. సులువని స్కాడా కంప్యూటర్‌లో స్క్రిప్టుగా రాస్తే, విండోస్ అప్‌డేట్‌కు కంప్యూటర్ రీస్టార్ట్ అయిన ఆ కొద్ది నిమిషాలూ ఇంటర్‌లాక్ ఉండదు. ఇంకో చిక్కు: పీఎల్సీతో లింకు తెగినా కొన్ని తెరలు చివరి అంకెను అలాగే పట్టుకుంటాయి. మూలన గడియారం తిరుగుతోంది కదా అని ధైర్యపడకూడదు, అది కంప్యూటర్ గడియారం. పీఎల్సీలో సెకనుకోసారి పెరిగే కౌంటర్ ఒకటి పెట్టి దాన్ని తెర మీద చూపించాలి. అది ఆగిందంటే చూస్తున్నది పాత బొమ్మ.

బొమ్మల విషయానికొస్తే, రంగు తక్కువ వాడిన తెరే మంచి తెర. బూడిద రంగు నేపథ్యం, ఎరుపు పసుపు అలారాలకే. మన విద్యుత్ కేంద్రాల్లో ఒక పేచీ ఉంది: అక్కడ బ్రేకర్ ఆన్ అంటే ఎరుపు, ఆఫ్ అంటే పచ్చ. కెమికల్ ప్లాంట్లలో చాలాచోట్ల నడుస్తున్న పంపు పచ్చ. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిన మనిషికి ఇది ప్రమాదమే, మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. ఒక తెరలో ఏమేం కలిసి ఉండాలన్నది ఇంకా ముఖ్యం. 2005 మార్చి 23న టెక్సాస్ సిటీ రిఫైనరీలో టవర్ నిండి పొంగి, పేలుడులో 15 మంది చనిపోయారు. టవర్‌లోకి వచ్చే ఫ్లో ఒక తెర మీద, బయటికి పోయే ఫ్లో ఇంకో తెర మీద ఉన్నాయి. రెండూ పక్కపక్కన ఉంటే లోపల నిండుతోందని చూడగానే తెలిసేది.

అలారాలదీ అంతే. 1994 జులై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు పడ్డాయి. ఏది చదవాలి వాళ్లు? ఒక ఆపరేటర్‌కు సగటున పది నిమిషాలకు ఒక అలారం మోయగలిగినంత. పది నిమిషాల్లో పది దాటితే అది వరద. మోగి ఆగి మళ్లీ మోగే అలారాన్ని అణచాలంటే డెడ్‌బ్యాండ్ (అలారం మోగే విలువకూ ఆగే విలువకూ మధ్య ఎడం) పెట్టాలి. మొదలుపెట్టడానికి ఫ్లోకు, లెవెల్‌కు 5 శాతం, ప్రెషర్‌కు 2, టెంపరేచర్‌కు 1 అని లెక్క. చేయాల్సిన పని ఏదీ లేకపోతే అది అలారం కాదు, దాన్ని ఈవెంట్ లిస్టులోకి పంపేయండి.

ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు షిఫ్టు మారేటప్పుడు ఆపరేటర్ పక్కన నిలబడి ఫోర్స్ లిస్టు అడగండి. మెయింటెనెన్స్ కోసం ఏదో ఒక సిగ్నల్‌ను చేత్తో ఒక విలువ దగ్గర కట్టేస్తారు (ఇదే ఫోర్స్), పని అయ్యాక విప్పడం మరిచిపోతారు. తెర మీద అంకె మామూలుగానే ఉంటుంది, ట్రాన్స్‌మిటర్‌కు దానితో సంబంధమే ఉండదు. ఎవరు కట్టారు, ఎందుకు, ఏ గంటకు, ఎప్పుడు విప్పాలి అన్న నాలుగూ రిజిస్టర్‌లో ఉండాలి. సిస్టమ్ చూపించే లిస్టుకు, రిజిస్టర్‌కు పొంతన కుదరకపోతే ఛార్జ్ తీసుకునే ఆపరేటర్ సంతకం పెట్టడు.