ముప్పై ఆరు రోలర్లు

మన కాలేజీ రోబోటిక్స్ టీమ్ అనగానే అందరికీ పుణెలో ఆడిన రోబోకాన్ అనే రోబోల పోటీ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ రోబో చక్రాలే గుర్తొస్తాయి. అవి నల్లగొండ జిల్లాలోనే తయారయ్యాయి. ఆ సంగతి ఈ సంచికలో ఉండాలని రాస్తున్నా.

ఆ చక్రాన్ని ఓమ్ని వీల్ అంటారు. దాని అంచు చుట్టూ చిన్న రోలర్లుంటాయి. మోటారు తిప్పితే చక్రం ముందుకు పోతుంది, పక్కకు తోస్తే రోలర్లు దొర్లుతాయి. 1919లోనే అమెరికాలో దీనికి పేటెంట్ ఇచ్చారు. ఇలాంటివి మూడు, 120 డిగ్రీల ఎడంతో బిగిస్తే రోబో తన ముఖం తిప్పకుండానే ఎటైనా కదులుతుంది. బయట కొనేంత డబ్బు టీమ్ దగ్గర లేదు. సొంతంగా చేద్దామనుకున్నాం.

చక్రం వ్యాసం 120 మి.మీ. ఒక్కో దానికి రెండు అల్యూమినియం ప్లేట్లు, ప్లేటుకు ఆరు రోలర్లు. ఒక ప్లేటులో రోలర్ల మధ్య వచ్చే ఖాళీని రెండో ప్లేటు రోలర్లు పూడ్చాలి కాబట్టి దాన్ని 30 డిగ్రీలు జరిపి బిగించాలి. రోలర్లు కూర్చునే గాడులు మన మెషిన్ షాపులోనే, ప్లేటును కావలసిన కోణానికి కచ్చితంగా తిప్పే ఇండెక్సింగ్ హెడ్ మీద కోశాం. ప్లేటు 60 డిగ్రీలు తిరగాలంటే దాని హ్యాండిల్‌ను ఆరు పూర్తి చుట్లు, ఆపైన 18 రంధ్రాల వరుసలో ఇంకో 12 రంధ్రాలు తిప్పాలి. ల్యాబ్ రికార్డులో మార్కుల కోసం రాసిన లెక్క చేతికింద నిజంగా పనిచేస్తుంటే కలిగిన సంతోషం వేరు.

అసలు కష్టం రోలర్లతోనే. అవి గొట్టంలా తిన్నగా ఉంటే చక్రం గతుకులు పడుతూ నడుస్తుంది. 32 మి.మీ. పొడవులో నడుమ 20 మి.మీ. లావు, కొసల్లో సుమారు 16 ఉండాలి. ఆ వంపు చక్రం వంపుతో కలిసిపోవాలి. మిర్యాలగూడలో రైసు మిల్లుల పనులు చేసే ఒక లేత్ మిస్త్రీ దగ్గరికి పోయాం. ఆయన డ్రాయింగ్ చూసి, వంపు సరిచూసుకోవడానికి 60 మి.మీ. వ్యాసార్థంతో రేకు గేజ్ కత్తిరించుకున్నాడు. రెండు చేతులతో రెండు హ్యాండిళ్లు ఒకేసారి తిప్పుతూ నైలాన్ రాడ్‌ను చెక్కాడు. సన్నటి తెల్లని పొట్టు, రాడ్‌ను పట్టి తిప్పే చక్‌కు చుట్టుకుపోతుంటే మిషన్ ఆపి లాగేసేవాడు. గేజ్ ఆనించి బల్బుకెదురుగా పట్టుకుని, "సందులకెల్లి ఎలుతురు కనబడొద్దు బిడ్డా" అనేవాడు. కనబడితే మళ్లీ చెక్కుడే. ముప్పై ఆరూ అట్లాగే దిగాయి. అంత ఓపిక నేను ఏ క్లాసులోనూ చూడలేదు.

నైలాన్ నున్నగా జారుతుంది కాబట్టి పైన వేడికి ముడుచుకుని అతుక్కుపోయే హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాం. ఆ మందం ముందే లెక్కలో తగ్గించాం. మొదటిసారి పక్కకు నడిపినప్పుడు వెనక చక్రం పూర్తి వేగంతో, ముందు రెండూ సగం వేగంతో ఎదురు దిశలో తిరిగాయి. రోబో ఒక్క కుదుపు లేకుండా జరిగిపోయింది.

మిస్త్రీని పిలిచి చూపించాం. ఆయన వంగి రోలర్ మీద వేలు పెట్టి చూశాడు. "మిల్లు రోల్‌కు ఏసినట్టు రబ్బరు ఏపియ్యుండ్రి, ఇంకా గట్టిగ పట్టుకుంటది" అన్నాడు. తర్వాతి బ్యాచ్ అట్లాగే చేయించింది.