రెండు పాన్‌కేక్ హోల్‌స్టర్లు: రంగు, పైపూత దశ

పాన్‌కేక్ హోల్‌స్టర్ అంటే రెండు తోలు పొరలను కలిపి కుట్టి, రెండు పక్కలా బెల్టు చీలికలు పెట్టిన పిస్టల్ ఒర. ఈ రెండు ఒరలూ ఒకే వెజ్ టాన్ (మొక్కల నుంచి వచ్చే టానిన్‌తో పదును చేసిన) తోలులోంచి కోసినవి. మందం 7-8 ఔన్సులు (తోలు మందానికి వాడే కొలత), అంటే సుమారు 3 మి.మీ. ఒకటి ముదురు గోధుమ రంగుకు, రెండోది నలుపుకు. అతికించడం, కుట్టడం, అంచులు గీయడం, తడిపి అచ్చు తీయడం పూర్తయ్యాయి. కుట్టు తెల్ల పాలిస్టర్ దారంతో. అచ్చుకు వాడింది ప్లాస్టిక్ డమ్మీ పిస్టల్. తడి తోలులోకి అసలు పిస్టల్ దించకూడదు.

రంగు సమానంగా పట్టాలంటే సగం పని సీసా మూత తీయకముందే అయిపోవాలి. కాంటాక్ట్ సిమెంట్ చుక్క ఉన్నచోట, వేళ్ల జిడ్డు అంటినచోట రంగు లోపలికి దిగదు. బయటికి పొంగిన సిమెంట్‌ను ఆరాక క్రేప్ రబ్బరు ముక్కతో రుద్దితే ఉండలు కట్టి ఊడొస్తుంది. అంచు మీద రెండు పొరల మధ్య కనిపించే సిమెంట్ గీత మాత్రం మొండిది. 220, తర్వాత 400 నంబరు ఉప్పుకాగితంతో అది కనబడనంతవరకూ అరగదీయాలి. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు గుడ్డతో ఒరంతా ఒకసారి తుడవాలి.

అచ్చు తీసేటప్పుడు పడే నీలి నల్ల చుక్కలను కూడా ఈ దశలోనే చూసుకోవాలి. తడి తోలుకు ఇనుప పనిముట్టు తగిలినా, రుద్దిన ఇనుప రజను పడినా తోలులోని టానిన్ దానితో కలిసి మచ్చ అవుతుంది. నలుపు ఒర మీద అది దాగిపోతుంది కానీ గోధుమ రంగు కింద నుంచి తేలుతుంది. నిమ్మరసం అద్ది, కాసేపు ఉంచి, మంచినీళ్లతో తుడిస్తే చాలావరకు పోతుంది. అచ్చు గీతలకు ఎముక లేదా చెక్క పనిముట్టు వాడితే ఈ గొడవే ఉండదు.

తేమ సంగతి. అచ్చు తీశాక కనీసం 24 గంటలు గాలికి వదలాలి. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, నమ్మకూడదు. ఒరను చెంపకు ఆనించినప్పుడు చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది. అలాంటప్పుడు స్పిరిట్ రంగు (ఆల్కహాల్‌లో కరిగించిన రంగు) వేస్తే మరకలు మరకలుగా తేలుతుంది. తొందరపడి వేడి పెడితే 50 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు. తడి తోలు ఎక్కువ వేడికి ముడుచుకుని పెళుసుబారుతుంది, ఆ తర్వాత దాన్ని మామూలు చేయడం కుదరదు.

గోధుమ ఒరకు ముందు నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె) ఒక్క పలుచని పూత, గుడ్డతోనే. రాత్రంతా వదిలేస్తే నూనె సమంగా సర్దుకుంటుంది, రంగు కూడా ఒకే తీరుగా దిగుతుంది. ఎక్కువ పోస్తే తోలు మెత్తబడి, పిస్టల్‌ను పట్టి ఉంచే బిగువు పోతుంది. బెల్టుకో సంచికో పనికొచ్చే నూనె మోతాదు హోల్‌స్టర్‌కు పనికిరాదు.

రంగు స్పిరిట్ డై. దాన్ని అదే రకం థిన్నర్‌తో సగానికి సగం పలుచన చేసి మూడు నాలుగు పూతలు వేయడం, చిక్కటి రంగును ఒకేసారి పులమడం కన్నా ఎంతో మేలు. ఉన్ని డాబర్ (రంగు అద్దే ఉన్ని ఉండ) మొదట తగిలినచోట ఎక్కువ రంగు వదిలి గుండ్రటి మచ్చ మిగులుస్తుంది, అందుకే నేను స్పాంజి ముక్కే వాడతాను. చిన్న చిన్న సున్నాలు చుడుతూ, తడి అంచు ఆరకముందే పక్కకు జరుగుతూ పోవాలి. పూతకూ పూతకూ మధ్య 20 నిమిషాలు. కుట్టు కోసం తీసిన గాడిలో పైపొర తెగి ఉంటుంది కాబట్టి అక్కడ రంగు గబగబా పీల్చుకుని గీత నల్లబడుతుంది. గాడి చుట్టుపక్కలకు సన్న బ్రష్‌తో, దాదాపు పొడిగా, చివర్లో వేస్తే సరి. ఈ దారం కొంత రంగు తాగుతుంది. తెల్లగానే ఉండాలంటే కుట్టుకు ముందే రంగు వేయాలి. నైట్రైల్ గ్లవ్స్, తెరిచిన కిటికీ తప్పనిసరి. దగ్గర్లో మంట ఉండకూడదు.

నలుపుతో అసలు చిక్కు రంగు చొక్కాకు అంటడం. స్పిరిట్ నలుపులో తోలు పీల్చుకోలేని రంగు పైన పొడిలా మిగిలిపోతుంది. దాని మీద పైపూత వేసి దాచేస్తే చెమటకు మళ్లీ బయటపడుతుంది. అందుకే ఈ ఒరకు డై కాకుండా ఇనుము-వెనిగర్ ద్రావణం. అర లీటరు తెల్ల వెనిగర్‌లో సన్నరకం స్టీల్ ఉన్ని ఒక ఉండ వేయాలి. ముందు దాన్ని సబ్బుతో కడిగి నూనె వదిలించాలి. మూత బిగించకూడదు, హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఒకటి రెండు వారాల్లో వెనిగర్ ఘాటు తగ్గుతుంది. అప్పుడు కాఫీ ఫిల్టర్‌లో వడగట్టాలి.

తోలు మీద రాయగానే ముందు బూడిద రంగు, కొన్ని నిమిషాల్లో నలుపు. టానిన్, ఇనుము నారలోపలే కలిసి పుట్టే నలుపు కాబట్టి గుడ్డకు అంటదు. బూడిద రంగు దగ్గరే ఆగిపోతే తోలులో టానిన్ తక్కువని అర్థం. పాలు లేని చిక్కటి టీ డికాషన్ రాసి ఆరనిచ్చి మళ్లీ వేయాలి. క్రోమ్ టాన్ (క్రోమియం లవణాలతో పదును చేసిన) తోలు మీద ఈ పద్ధతి పనిచేయదు. అరగంట తర్వాత లీటరు నీళ్లలో ఒక టేబుల్ స్పూను వంటసోడా కలిపి పైపైన కడిగి, వెంటనే మంచినీళ్లతో కడిగేయాలి. సోడా మోతాదు పెరిగినా, తోలు అందులో నానినా తోలే దెబ్బతింటుంది. ఈ కడుగుడుకు అచ్చు సడలుతుంది కనుక డమ్మీని మళ్లీ దించి, గీతలు ఎముక పనిముట్టుతో దిద్ది ఆరబెట్టాలి. కొంచెం తేమ ఉండగానే నూనె పలుచగా. స్నాప్ గుండీలు ఉంటే ఇదంతా అయ్యాకే బిగించాలి, ఆమ్లం లోహాన్ని తింటుంది.

పైపూతకు ముందు రెండు ఒరలకూ ఒకే పరీక్ష: తెల్ల నూలు గుడ్డను ఒకసారి పొడిగా, ఒకసారి తడిపి గట్టిగా రుద్దడం. గోధుమ ఒరకు గుడ్డ మీద ఛాయ ఆగేదాకా గుడ్డలు మారుస్తూ రుద్దుతూనే ఉండాలి.

పైపూత యాక్రిలిక్, నీళ్లతో సగం సగం. స్పాంజితో రెండు పలుచని పూతలు, మధ్య ఒక గంట. సగం ఆరినదాని మీద స్పాంజి మళ్లీ తిప్పితే తెల్లటి చారలు పడతాయి. దట్టంగా వేస్తే ఒర వంగినచోట పగిలి పొరలుగా లేస్తుంది. లోపలి వైపుకు అదే ద్రావణం కొంచెం పోసి, గుండ్రంగా తిప్పి, ఒంపేసి, నోరు కిందికి పెట్టి ఆరబెట్టాలి. ఇది లోపలి నూగును అణచివేస్తుంది. లోపల మైనం వద్దు, దుమ్ము పట్టుకుంటుంది. అంచులకు ట్రాగకాంత్ జిగురు (ఒక రకం మొక్క బంక) రాసి చెక్కతో రుద్ది మెరుగు పెట్టడం పైపూతకు ముందే అయిపోవాలి. తేనెమైనం మాత్రం అన్నిటికన్నా చివర, ఎందుకంటే మైనం మీద యాక్రిలిక్ అంటుకోదు.

ఆరాక పిస్టల్ బిగుతుగా ఉంటే డమ్మీని పలుచటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఒరలో ఉంచితే సరిపోతుంది. మళ్లీ తడపక్కర్లేదు. 38 మి.మీ. బెల్టు చీలికల మూలల్లో యాక్రిలిక్ గడ్డకట్టకుండా, పూత తడిగా ఉండగానే బ్రష్ కొనతో అదనపు ద్రవాన్ని తీసేయాలి. గోధుమ ఒరకు రెండో పూత, నలుపుకు అంచు మైనం మిగిలి ఉన్నాయి.