మీరా గారూ, ఎక్కడున్నారు మీరు?

మొదటి చలికాలం మొత్తం మిద్దె మీద నిలబడి లేని చుక్కని వెతికినా, మెడ పట్టేసింది తప్ప ఏం దక్కలా. ఫోన్ యాప్‌లో తిమింగలం రాశి బొమ్మ, దాని మెడ దగ్గర ఇంత లావు చుక్క, పక్కన మీరా అని పేరు. పైకి చూస్తే ఆ చోట ఖాళీ. మాది తిరుపతి, ఉత్తరం పక్క కొండ లైట్లు, ఘాట్ రోడ్ లైట్లు, ఆ దిక్కు ఎట్లాగూ లాభం లేదు, కానీ ఇది నడినెత్తికి కొంచెం దక్షిణంగా వచ్చే చుక్క కదా. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బైనాక్యులర్స్ మీదే డౌట్ వచ్చి, అమ్మినాయన దగ్గరికి పోయి లెన్స్ పాడైందన్నా అని గొడవ పెట్టుకున్నా. ఆయన దాంతోనే వీధి చివర టీ కొట్టు రేట్ల బోర్డు మొత్తం చదివి వినిపించి పంపించేసినాడు.

తప్పు నాదే. పేరు చూసినా గానీ కింద రాసింది చదవలా.

మీరా రెడ్ జెయింట్. సూర్యుడి లాంటి చుక్కే ముసలిదై ఉబ్బిపోయింది, ఇప్పుడు పెద్దదవతా చిన్నదవతా ఉంటుంది, ఒక చుట్టుకి సుమారు 332 రోజులు. బాగా వెలిగినప్పుడు 2, 3 మాగ్నిట్యూడ్ (చుక్క వెలుగుని కొలిచే లెక్క), మామూలు కంటికే కనపడుతుంది. తగ్గితే 9 (ఈ లెక్కలో నంబర్ పెరిగితే వెలుగు తగ్గినట్టు, ఎవడు పెట్టినాడో ఈ తిరకాసు), ఊరి లైట్ల మధ్య నా బైనాక్యులర్స్‌కి అందదు. అంటే వందల రెట్ల తేడా. అట్లని చుక్క అంత ఆరిపోతుందా అంటే లేదు. ఉబ్బి చల్లబడినప్పుడు పైపొరలో టైటానియం ఆక్సైడ్ లాంటివి పుట్టి కంటికి కనపడే వెలుగుని మింగేస్తాయి, శక్తి మాత్రం ఇన్ఫ్రారెడ్‌లో, వేడిగా, బయటికి పోతానే ఉంటుంది. మా అవ్వ పొయ్యిలో బొగ్గు మీద బూడిద కప్పుకుంటే ఎరుపు కనపడేది కాదు, ఆరిపోయిందిలే అని చిన్నప్పుడు చెయ్యి పెట్టినా. కుడి బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది.

దీన్ని మొదట గమనించింది ఫాబ్రిషియస్ అనే జర్మన్ పాస్టర్, 1596 ఆగస్టులో. మన చంద్రగిరి కోటలో వెంకటపతి రాయలు ఏలుతున్న రోజులు. అక్టోబర్ కల్లా మాయమైంది, ఇంక అయిపోయిందనుకున్నాడు, 1609లో చూస్తే మళ్ళీ అక్కడే. పదకొండు నెలల లెక్క తేల్చింది ఆయన కాదు, 1638లో హోల్వార్డా అనే డచ్ ఖగోళ శాస్త్రవేత్త. పాపం ఈ పాస్టరు ఒక బాతుల దొంగ గుట్టు చర్చిలో బయటపెట్టబోతే ఆ దొంగ పారతో తలమీద కొట్టి చంపేశాడంట. మీరా అంటే లాటిన్‌లో అద్భుతం, ఆ పేరు తర్వాత హెవీలియస్ అనే ఇంకో ఖగోళ శాస్త్రవేత్త పెట్టినాడు.

ఇంకో మెలిక. 332 రోజులంటే బాగా వెలిగే టైము ఏటికేడు 33 రోజులు ముందుగా వస్తా పోతుంది. వెలిగే టైము ఏప్రిల్, మే చుట్టుపక్కల పడితే సూర్యుడు అదే దిక్కులో ఉంటాడు, ఇంకేం చూస్తాం. నా రెండు చలికాలాలూ అట్లనే పోయినాయి. మా నాయన అయితే "పంచాంగంలో ఉండేవి ఇరవై ఏడు, అవన్నీ చూసేసినావా, లేని దాని కోసం ఎగబడతాండావు" అనేవాడు. అశ్వినికి కిందనే నాయనా అంటే అశ్విని చూడు మరి అనేవాడు.

మొన్న ఫిబ్రవరిలో సాయంత్రం ఏడు దాటినాక ఆరేసిన బట్టలు తీయడానికి పైకి పోయినా. చంద్రగిరి వైపు ఆకాశంలో, ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట ఒక చుక్క. బైనాక్యులర్స్ కోసం కిందికి పరిగెత్తి, వచ్చి చూస్తే రాగి రంగు, అదే రాశిలో పక్కన ఉండే మెన్‌కార్ అనే చుక్క కన్నా వెలుగు కొంచెమే తక్కువ. బట్టలు చేతిలోనే ఉన్నాయి. నాయనా రా రా అని అరిస్తే మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి వచ్చి, కళ్ళద్దాలు పైకి తోసి, ఒక నిమిషం చూసినాడు.

"ఇదేనా? దీనికా రెండేండ్లు?" అని, నా చేతిలో బట్టలు తీసుకుని దిగి పోయినాడు.